చెంప దగ్గరి మువ్వలు

మున్నవర్ బేగం పాటను మూడోసారి పెట్టమంది. గజాలా క్యాసెట్‌ను మొదటికి తిప్పింది. గోడ గడియారంలో పదకొండూ నలభై. సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ బందోబస్తు నుంచి ఠాణాకు తిరిగి వస్తాడు. వచ్చి కూలీ టీక్యా పేరు హత్య కేసులో రాస్తాడు. అంటే చేతిలో ఉన్నది నాలుగు గంటల ఇరవై నిమిషాలు. అందులో ఒక్క నిమిషం కూడా ఒలకబోసుకునే వీలు లేదు.

గజాలా తండ్రి అమీర్ అలీకి డెబ్బై ఒక్క ఏళ్లు. జనగామ స్టేషన్ దగ్గర రికార్డింగ్ సెంటర్ నడిపాడు. క్యాసెట్ల కాలం పోయినా షట్టర్ దించలేదు. మంగళవారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి గజాలా అన్నం డబ్బా తీసుకుని వెళ్లేసరికి మెషిన్ పక్కన తల పగిలి పడి ఉన్నాడు. ఇనుప స్టాండు అంచున నెత్తురు ఎండిపోయి ఉంది. ప్రాణం ఒంటి గంటకూ రెండింటికీ మధ్య పోయిందని డాక్టర్ చెప్పాడు. అల్మారాలో ఒక్క క్యాసెట్టే మాయమైంది, ఒక పాత పాట అసలు రికార్డు. దాని రెండో కాపీ ఇప్పుడు ఈ గదిలో, చిన్న టేప్ రికార్డర్‌లో మోగుతోంది.

ఆ పాట వయసు ఇరవై ఎనిమిదేళ్లు. తండాల్లో అప్పటిదాకా పాటంటే పండుగది, లేకుంటే పెళ్లిది. లంబాడీ మాటలకు కీబోర్డు దరువు తగిలించి, ఒక ఆడగొంతు ఒక మగవాణ్ని పిలుస్తున్నట్టు తీసిన ప్రేమ పాట ఈ చుట్టుపక్కల అదే మొదటిది. పోయిన వేసవిలో డీజే చందు దానికి కొత్త దరువు వేసి, వీడియో తీసి ఫోన్లలోకి వదిలాడు. ఇప్పుడు ఆ పాట లేకుండా బారాత్ కదలడం లేదు. చందు తండ్రి తుల్సీరాం భూపాలపల్లిలో పలుకుబడి ఉన్న మనిషి. "పెళ్లికి ముందు ఏడాది, తీజ్ పండుగప్పుడు, నా జమ్లీ కోసం నేనే రాసిన. పదిహేడేళ్ల జమ్లీ పాడింది" అని కనపడిన ప్రతి కెమెరాకూ చెప్పాడు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి టీక్యా అనే కూలీ ఒక్కడు మాత్రం "రాసింది నేను, పాడింది నా భార్య గంగి" అన్నాడు.

తుల్సీరాం భార్య జమ్లీ పోయి అయిదేళ్లు. గంగి పోయి తొమ్మిదేళ్లు. ఇద్దరు చచ్చిపోయిన ఆడవాళ్లు, మధ్యలో ఒక్క గొంతు. అది ఎవరిదో చెప్పగలిగిన అమీర్ అలీ, పాట కొన్న హైదరాబాద్ కంపెనీ వకీళ్ల ముందు శుక్రవారం నోరు విప్పాల్సిన వాడు. మంగళవారమే పోయాడు. ఇవాళ గురువారం.

మున్నవర్ కళ్లు మూసుకుంది. ఇరవై అయిదేళ్లు గాజులు, పూసలు, అద్దాలు, మువ్వలు మూట గట్టుకుని తండాలు తిరిగి అమ్మిన మనిషి. మూడు దొంగతనాలు పట్టించాక తన గాజుల దుకాణం వెనక గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించింది. పని మారింది కాని పద్ధతి మారలేదు. ఎవరు ఏం చెప్పినా అరచేతిలో వేసుకుని బరువు చూస్తుంది. తనకు తెలిసింది మాత్రం బేరం తెగేదాకా మూటలోంచి తీయదు.

టేపులో ఆడగొంతు అడుగుతోంది. నీ తువ్వాలకు ఏ ఊరి దుమ్ము అంటింది, నా రొట్టెల పొగ వాసన ఇంకా ఉందా పోయిందా అని. చరణం చివర గొంతు ఒక్క క్షణం పలచబడింది. అదే క్షణంలో ఘల్లుమని చిన్న మువ్వలు. మళ్లీ గొంతు దగ్గరికొచ్చింది. రెండో చరణం చివరా అంతే. మూడో చరణం చివరా అంతే. చందు ఆ ఘల్లునే కత్తిరించి తన దరువులో అతికించాడు. జనం ఎగిరేది దానికే.

"బేటీ, మీ అబ్బా పాడెటోళ్లతోని గజ్జెలు తీపిచ్చెటోడా?"

"గజ్జెలేంది చాచీ, మోగేటియన్ని తీపిచ్చెటోడు. కడియాలు, గాజులు, నడుముకున్న గొలుసులు. బొంత పరిచి దాని మీద పెట్టమనెటోడు. నేనే కావలి కూసునేదాన్ని. 'జనం పాట వినాలె, సొమ్ముల చప్పుడు కాదు' అనెటోడు."

"మరి గీ మువ్వలేంది? ఎనకసీరి, పాటైనంక కలిపిండా?"

"ఎట్ల కలుపుతడు? ఒక్క మైకు, ఒక్క టేపు. తప్పు పోతే మళ్ల మొదటికెల్లి పాడాలె. ఆ దినం నేను బడికి పోయిన, లేకుంటే ఎవరు పాడిన్రో నేనే చెప్తుంటి."

"గీ రెండో క్యాసెట్ సంగతి ఇంకెవరికి ఎరుక?"

"ఎవరికి ఎరుక లేదు. అబ్బా ప్రతి పాటకు రెండు తీసెటోడు. ఒకటి దుకాన్ల, ఒకటి ఇంట్ల ట్రంకుపెట్టెల."

"నీ నోట్లకెల్లి ఒక్క ముక్క బయటికి రావద్దు."

మున్నవర్ క్యాసెట్ బయటికి తీసి వెనక అంచు చూసింది. రెండు చిన్న రంధ్రాలు. వాటిని వేలితో తడిమి, క్యాసెట్‌ను గజాలా చేతిలో పెట్టింది.

*

పన్నెండూ ఇరవైకి ఇద్దరూ అమీర్ అలీ దుకాణంలో ఉన్నారు. పంచనామా నిన్ననే అయిపోయింది, తాళం గజాలాకు ఇచ్చేశారు. గోడలకు చప్పుడు మింగే పాత బొంతలు. అల్మారాలో వరసగా క్యాసెట్లు, మధ్యలో ఒక పలచని ఖాళీ.

మున్నవర్ ముందు ఖాళీని చూడలేదు, మెషిన్‌ను చూసింది. వరసగా ఆరు మీటలు. అయిదు బాగానే ఉన్నాయి. చివరిది, రికార్డు చేసే ఎర్ర మీట, సగానికి విరిగి ఉంది. విరిగిన చోట లోపలి ప్లాస్టిక్ తెల్లగా మెరుస్తోంది. మిగతా మెషిన్ అంతా వేళ్ల మురికితో నల్లబడితే ఆ తెలుపు ఒక్కటే కొత్తది.

"గిది ఎప్పుడు ఇరిగింది?"

గజాలా వంగి చూసింది. "ఇరగలేదు చాచీ. మంగళారం పొద్దుగాల పది గంటలకు హాఫిజ్ సాబ్ వచ్చి ప్రవక్త మీది నాత్ పాట రికార్డు చేసుకపోయిండు. నేనే చాయ్ ఇచ్చిన. మీట మంచిగనే ఉండె."

మున్నవర్ మోకాళ్ల మీద కూర్చుని స్టాండు కింద చేయి పెట్టింది. దుమ్ము, ఒక గుండుసూది, తర్వాత గోరంత ఎర్రటి ముక్క. మీట మీద పెట్టి చూస్తే అతికినట్టు కూర్చుంది. అల్మారాలోంచి ఒక క్యాసెట్ తీసి మెషిన్‌లో పెట్టి, మిగిలిన మొద్దును బొటనవేలితో నొక్కింది. దిగలేదు. ఇంకా బలంగా నొక్కింది. వేలు నొచ్చింది, మీట దిగలేదు. క్యాసెట్ తీసి సంచిలో వేసుకుంది.

"ఏం తెలిసింది చాచీ?"

"తెలిసినప్పుడు చెప్త. నువ్వు ఇంటికి పో, లోపలికెల్లి గడియ పెట్టుకో."

ఆ తర్వాత రెండున్నర గంటలు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఖర్చయిపోయాయి. టీక్యా చెప్పిన లెక్క ఇది: పన్నెండూ పదికి రైలు దిగాడు, అమీర్ అలీతో మాట్లాడి ఒంటి గంటకు దుకాణం నుంచి బయటపడ్డాడు, రెండూ అయిదు ప్యాసింజర్ వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడు. చందు సాక్ష్యం వేరు: తాను ఆ రోజు అమీర్ అలీని కలవడానికి వచ్చానని, ఒకటీ నలభైకి టీక్యా సంచీతో గబగబా బయటికొస్తుంటే చూశానని, తాను లోపలికి పోనే లేదని. ఈ నలభై నిమిషాల తేడాలోనే ఉరితాడు ఉంది. చాయ్ అమ్మేవాణ్ని, మూటలు మోసేవాళ్లను, బెంచీలు తుడిచే ఆమెను అడిగింది. మాసిన ధోతి కట్టుకున్న ముసలి కూలీ ప్లాట్‌ఫారం మీద గంట సేపు కూర్చుంటే గుర్తు పెట్టుకునేదెవరు? మున్నవర్ ఒట్టి చేతులతో ఠాణా మెట్లెక్కింది. మూడూ పది.

*

వరండా బెంచీ మీద టీక్యా కూర్చున్నాడు. పక్కన ఒక కానిస్టేబుల్, ఎదురుగా కుర్చీలో నరేందర్. రిటైరైన సీఐ. ఇప్పుడు హనుమకొండలో ఏజెన్సీ పెట్టి, హైదరాబాద్ కంపెనీ తరఫున ఈ పాట సంగతి చక్కబెట్టే పని తీసుకున్నాడు. చందు సాక్ష్యాన్ని పోలీసుల ముందుకు తెచ్చింది అతనే.

"రాండి రాండి, గాజుల బేగం! ఠాణాల ఎవరికి తొడుగుతరు గాజులు?"

"సైజు దొరికితే ఎవరికైన తొడుగుత నరేందర్ సాబ్. మీ చేతులే జర లావున్నయ్."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. మున్నవర్ చూపు టీక్యా మోకాలి మీద ఆగింది. మోకాలి మీద అట్ట, అట్ట మీద టైపు చేసిన కాగితం, కుడిచేతిలో పెన్ను.

"గిదేంది టీక్యా?"

టీక్యా తల ఎత్తలేదు. నరేందరే చెప్పాడు. "ఒప్పంద పత్రం. పాట రాసింది తుల్సీరాం, పాడింది జమ్లీ, నాకు గాని నా భార్యకు గాని సంబంధం లేదు అని. సంతకం పెడితే మా చందు 'దూరం కెల్లి చూసిన, టీక్యానే అని గట్టిగ చెప్పలేను' అంటడు. ముసలాయన కాలు జారి పడ్డడు, పాపం. అందరు ఇండ్లకు పోతరు."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే చందు గట్టిగనే చెప్తడు."

"సార్లు అడిగిందే చేస్త గాజులక్కా," అన్నాడు టీక్యా. యాభై నాలుగేళ్ల మనిషి, మాట మాటకూ ఊపిరి తోడుకుంటున్నాడు. కంకర మిషన్ కాడ పదేళ్లు మింగిన దుమ్ము లోపల ఈలలు వేస్తోంది. "జైల్ల పడితే నేను బయటికి రాను. నా ఊపిరి నాకెరుక. పాట పోతే పోనీ. గంగి ఎట్లాగు పోయింది. పోయినదానికి పాటెందుకు?"

పెన్ను కాగితాన్ని తాకింది. 'ట' అక్షరం సగం పడింది.

అప్పుడు చేసింది మున్నవర్ తన ఇరవై అయిదేళ్ల వ్యాపారంలో ఎన్నడూ చేయని తప్పు. బేరం తెగకముందే మూట విప్పింది.

"ఆపు టీక్యా! పాట పోలేదు. ఇంకో క్యాసెట్ ఉంది. గజాలా ఇంట్ల భద్రంగ ఉంది. నేను చెవులార విన్న."

పెన్ను ఆగింది. నరేందర్ కుర్చీలోంచి లేచాడు. మొహంలో ఏమీ కదల్లేదు. "మంచిది. అయితే కాసేపు మాట్లాడుకోండి. మా సాక్షి హోటల్ల కూసున్నడు, లేటయితదని ఒక్క ఫోన్ చేసి వస్త." మెట్లు దిగి వేపచెట్టు కిందికి పోయాడు. మూడూ ఇరవై రెండు.

మాట జారిన సంగతి మున్నవర్‌కు అప్పుడే తెలిసింది. కాని జారినదాన్ని ఏరుకుంటూ కూర్చుంటే ఉన్నది కూడా పోతుంది. బెంచీ మీద టీక్యా పక్కన కూర్చుంది.

"పాట ఎట్ల కట్టిన్రు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఆ ఏడు నేను బొంబాయి దిక్కు బిల్డింగు పనికి పోయిన. జాబు రాస్తుంటి. మా భాషకు అక్షరాలు లెవ్వు గద, తెలుగు అక్షరాలల్ల మా మాట రాస్తుంటి. గంగికి చదువు రాదు. బడిపంతులు చదివి వినిపిచ్చెటోడు. 'నువ్వు పక్కనుంటే రొట్టె రుచి' అని నేను ఒక జాబుల రాసిన. పంతులు చదివితే తండంత నవ్విందట. నేను వచ్చినంక గంగి కొట్లాట పెట్టింది. 'నువ్వు రాసింది సక్కగ లేదు, నేనైతే గిట్ల అడుగుత' అని పాడింది. తువ్వాల, దుమ్ము, రొట్టె పొగ, అన్ని దానియే. నేను వరసకు తెచ్చిన. ఇద్దరం కట్టినమక్కా. రాసింది నేనని నేను చెప్పేది గూడ సగం అబద్ధమే."

"రికార్డు?"

"మూడుసార్లు పాడింది. మొదటిసారి కరెంటు పోయింది. రెండోసారి గూడ్సు బండి వచ్చింది. అమీర్ భాయ్ నెత్తి కొట్టుకున్నడు. మూడోసారి కుదిరింది."

"ప్రతి చరణం కాడ గొంతు జర తగ్గుతది. ఎందుకు?"

టీక్యా మొదటిసారి మొహం ఎత్తాడు. కళ్లు ఎక్కడో ఉన్నాయి. "నా దిక్కు చూసేది. నేను ఈ పక్క గోడకు కూసున్న. చరణం అయిపోంగనే తల తిప్పి నా దిక్కు చూసేది, సక్కగ వచ్చిందా అని. నేను తల ఊపితే మళ్ల మైకు దిక్కు తిరిగేది. అమీర్ భాయ్ కోపం చేసిండు, తల తిప్పకమ్మా అని. అది వినలే."

మున్నవర్‌కు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. కాని అడగాల్సింది ఒకటి మిగిలింది. సంచిలోంచి దుకాణంలో తీసుకున్న క్యాసెట్ బయటికి తీసి టీక్యా చేతిలో పెట్టింది.

"దీంట్ల నీ మాట రికార్డు చేయాలనుకో. ఏం చేస్తవ్?"

నరేందర్ ఫోన్ ముగించి మెట్లెక్కి వస్తున్నాడు. టీక్యా క్యాసెట్‌ను తిప్పి వెనక అంచు చూశాడు. రంధ్రం కనపడింది. ఆలోచించలేదు. ఖాళీ చేయి దగ్గర్లో ఉన్న కాగితం మీదికి పోయింది, కింది మూల పర్రున చింపింది, నాలుగు మడతలు పెట్టి ఆ రంధ్రంలో కుక్కింది. "గిట్ల బిరడ కొడితే రికార్డు అయితది. లేకుంటే మీట దిగదు గద."

చింపింది ఒప్పంద పత్రం. పోయిన ముక్క, సగం 'ట' పడిన సంతకం చోటు.

"అరేయ్!" నరేందర్ రెండంగల్లో వచ్చి కాగితం లాక్కున్నాడు. "బుద్ధుందా నీకు? ఇప్పుడు మళ్ల టైపు కొట్టియ్యాలె."

"అక్కర పడదు," అంది మున్నవర్. "కూసోండి. మీకు రెండు సరుకులు చూపిస్త. నచ్చకపోతే కొత్త కాగితం నేనే కొట్టిచ్చుకొస్త."

"మూడూ ముప్పై అయింది."

"మొదటిది పాటల మువ్వలు. మీవోడు దరువు చేసిండు గద, ఘల్లు ఘల్లు అని."

"గజ్జెలవి. అయితే ఏంది?"

"అమీర్ అలీ గజ్జెలు తీసి బొంత మీద పెట్టియ్యందే ఎవ్వరిని మైకు ముందల కూసోబెట్టెటోడు కాదు. అయినా గజ్జెలైతే కాలు కదిలితే మోగాలె. గివి గొంతు పక్కకు తిరిగినప్పుడే మోగుతున్నయ్, గొంతు కంటె దగ్గరగ మోగుతున్నయ్. అంటే చెంపల కాడ ఉన్నయ్. నరేందర్ సాబ్, నేను ఇరవై అయిదేండ్లు అమ్మిన సరుకు గది. ఘుగ్రీలు. జుట్టుకు కట్టి చెంపల మీదికి ఏలాడేసుకునే మువ్వలు. మొగుడు బతికున్న ఆడిది తీయదు. అమీర్ అలీ బతిమిలాడినా తీయదు. పెండ్లి కాని పిల్ల పెట్టుకోనే పెట్టుకోదు."

నరేందర్ పెదవి ఒక పక్కకు వంగింది. "మా వీడియోల హీరోయిన్ గూడ పెట్టుకుంది."

"పెట్టుకుంది. తండా ముసలోళ్లు అందరు నవ్విన్రు, పెండ్లి గాని పిల్లకు ఘుగ్రీలేందని. హాస్టల్ల పెరిగిన చందుకు తెల్వది. తుల్సీరాంకు తెలుసు. పెండ్లికి ముందు ఏడు, తీజ్‌ల పదిహేడేండ్ల జమ్లీ పాడిందని కెమెరాల ముందల తనే చెప్పె. ఆ పిల్ల చెంపలకు ఘుగ్రీలు ఎక్కడియి?"

"కోర్టుకు పోయి మువ్వల చప్పుడు చెప్తరా?" నరేందర్ నవ్వాడు, కాని నవ్వు సగంలోనే ఆగింది. "సరే. పాట గంగిదే అనుకుందాం. అయితే ఈయన హత్య చేయలేదని ఎట్ల?"

"గదే నేను మిమ్ముల అడగాలె. శుక్రవారం అమీర్ అలీ నోరు తెరిస్తే లాభం ఎవరికి? టీక్యాకు. క్యాసెట్ ఉంటే లాభం ఎవరికి? టీక్యాకు. తన సాక్షిని తనే చంపుకుని, తన రుజువును తనే మాయం చేసుకుంటడా? ముప్పై ఏండ్లు పోలీసుల చేసిన్రు. ఈ లెక్క మీకు రాదా?"

మున్నవర్ ఎర్ర ముక్కను అతని అరచేతిలో పెట్టింది.

"రెండో సరుకు. మెషిన్ రికార్డు మీట. మంగళారం పది గంటలకు మంచిగ ఉంది, రెండూ ఇరవై లోపల ఇరిగింది. అమీర్ అలీ ముఖ్యమైన క్యాసెట్లన్నిటికి వెనక బొక్కల మీదుండే చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఇరగ్గొట్టి పెట్టిండు, పాట మీద ఇంకోటి పడొద్దని. రెక్క లేకుంటే మీట దిగదు. ఎవడో దాన్ని మెషిన్ల పెట్టి పాట మీద ఉత్త గాలి ఎక్కియ్యాలని చూసిండు. ఎత్కపోతే దొంగతనం అంటరు, పోయినదాన్ని నలుగురు వెతుకుతరు. ఉన్న చోటనే ఖాళీ అయిందాన్ని ఎవరు వెతుకుతరు? మంచి ఆలోచన. కాని మీట దిగలే. ఎందుకు దిగతలేదో వానికి తెల్వదు. బలం పెట్టిండు, ఇరిగింది. ముసలాయన అడ్డం వచ్చిండు. నూకిండు. ఇగ క్యాసెట్ ఎత్కపోక తప్పలే."

ఆమె టీక్యా చేతిలోని క్యాసెట్‌ను చూపించింది. "గీయనకు తెలుసా లేదా మీ కండ్ల ముందలనే చూసిన్రు. మీకు తెలుసా?"

నరేందర్ ఎర్ర ముక్కను తిప్పి తిప్పి చూశాడు. "మా పెండ్లి క్యాసెట్ మీద మా తమ్ముడు సినిమా పాటలు ఎక్కిచ్చిండు," అన్నాడు మెల్లగా. "ఆ దినం కెల్లి నేను గూడ ఇరగ్గొడుతుంటి."

"మన తరానికి అందరికి తెలుసు. ఇగ చెప్పుండ్రి. ఈ పాట మాయం కావాలని కోరుకునేటోళ్లల్ల, క్యాసెట్లు పోయినంక పుట్టినోడు ఎవడు?"

నరేందర్ మొహంలో రక్తం మెల్లగా దిగిపోయింది. సీఐగా చేసినన్నాళ్లూ ఎదుటివాళ్ల మొహాల్లో అతను చూసి ఉండే రంగు అది.

"లోపలికి పోలేదన్నడు," అన్నాడు. "నా ముందల వాళ్ల అమ్మ మీద ఒట్టు పెట్టిండు."

"ఏ హోటల్ల ఉన్నడు?"

"హోటల్ల..." నరేందర్ చేయి జేబులోని ఫోన్ మీదికి పోయింది. "బేగం, ఇందాక నేను ఫోన్ చేసింది వానికే. గజాలా ఇంట్ల ఇంకో క్యాసెట్ ఉందట, మీ నాయినకు చెప్పు, బేరం మారుతది అని చెప్పిన. గంతే చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమనలే. ఇల్లు ఎక్కడ అని అడిగితే చెప్పిన."

మూడూ నలభై నాలుగు. ఫోన్ చేసి ఇరవై రెండు నిమిషాలు. హోటల్ నుంచి గజాలా ఇంటికి బండి మీద ఎనిమిది నిమిషాలు. మున్నవర్ వేళ్లు లెక్క కట్టే లోపలే గజాలా నంబరు నొక్కాయి. ఆ పిల్లకు మీట సంగతి చెప్పలేదు. రంధ్రాల సంగతి చెప్పలేదు. తెలిసినప్పుడు చెప్తానంది. దాచుకోవాల్సినదాన్ని ఠాణాలో పరిచింది, చెప్పాల్సినదాన్ని మూటలో దాచింది.

రెండో రింగుకే ఎత్తింది గజాలా. గొంతు తేలిగ్గా ఉంది. రెండు రోజులుగా ఏడ్చిన మనిషికి పలకరించే వాళ్లొచ్చినప్పుడు ఉండే తేలిక అది.

"చాచీ, నేనే చేద్దామనుకుంటున్న. తుల్సీరాం సాబ్ కొడుకు వచ్చిండు, అబ్బా పోయినందుకు పలకరిద్దామని. పాపం, చాన సేపు బాధ పడ్డడు. చాయ్ పెట్టిన. అబ్బా పాట ఒక్కసారి వింటా అంటే టేపుల పెట్టి ఇచ్చిన. మీరు ఎవరికి చెప్పొద్దన్నరు గని, ఆయనకు ముందే ఎరుక."

వెనక పాట మోగుతోంది. చరణం చివరికొచ్చింది. గొంతు పలచబడింది. ఘల్లుమంది. ఆ మధ్యలోనే, టక్కుమని పాట ఆగిపోయింది.

నరేందర్ అప్పటికే కానిస్టేబుల్‌ను రెక్క పట్టుకుని జీపు వైపు పరిగెత్తిస్తున్నాడు. మున్నవర్ గొంతును సాధ్యమైనంత మామూలుగా ఉంచింది. "బేటీ, నా మాట విను. నువ్వు ఏం చెప్పకు, ఏం అడగకు. బయట బట్టలు ఆరేసిన అని చెప్పి వాకిట్లకు రా. ఇప్పుడే."

"వస్త చాచీ, ఒక్క నిమిషం." గజాలా గొంతు ఫోన్‌కు కాస్త దూరమైంది, లోపలి నుంచి ఎవరో ఏదో అడిగారు. ఆ గొంతు మళ్లీ దగ్గరైంది. "జర మీకు తెలుసా చెప్పుండ్రి. టేపుల ఎర్ర మీట దిగతలేదంట. దాన్ని ఎట్ల నొక్కాలె అని అడుగుతున్నడు."

ఆ వెనకే ఫోన్‌లో, గోరంత ప్లాస్టిక్ ముక్క విరిగిన చప్పుడు వినిపించింది.